ఖాళీ ట్యాంకులో అమ్మోనియా సున్నా చూసి చేపల్ని వదలకండి: ఉప్పునీటి అక్వేరియానికి పూర్తి నీటి పరీక్ష

చేపలు లేని ట్యాంకులో అమ్మోనియా సున్నా చూపిస్తే అందులో గొప్పేమీ లేదు. పొయ్యి వెలగని ఇంట్లో అంట్లు ఉండవు కదా! అయినా చాలామంది ఆ సున్నాను నమ్మే చేపల్ని వదిలేస్తారు. తెల్లమచ్చల జబ్బు వచ్చి చేపల్ని వేరే ట్యాంకులోకి మార్చి ఉంటారు, లేదా తుపాను రోజుల్లో కరెంటు పోయి ఉన్నవన్నీ చచ్చిపోయి ఉంటాయి. రెండు నెలలు ట్యాంకు ఖాళీగా నడుస్తుంది. నీళ్లు తేటగా ఉంటాయి, కిట్టులో అన్నీ బాగుంటాయి. చేపల్ని వదిలాక మూడో రోజుకో నాలుగో రోజుకో అవి పైకి వచ్చి రొప్పడం మొదలుపెడతాయి.

చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో బతుకుతుంది. తిండి లేనంత మాత్రాన అది వెంటనే చావదు గాని జోరు తగ్గిపోతుంది. పాత భారమంతా ఒక్కసారి మీద పడితే అందుకోలేదు. కాబట్టి పరీక్ష రెండు విధాలుగా జరగాలి. నీటిలో ఇప్పుడేముందో చూడటం ఒకటి, ఆ ట్యాంకు చేత పని చేయించి చూడటం రెండోది. మొదటిది అందరూ చేస్తారు. రెండోది చేసేవారు తక్కువ.

1. ట్యాంకు ఎందుకు ఖాళీ అయిందో తేల్చుకోండి

వైట్ స్పాట్ అనగానే మన తీరంలోని వనామీ రొయ్యల రైతులకు గుండె జారుతుంది. రొయ్యలకు వచ్చే ఆ జబ్బు వైరస్ వల్ల. అక్వేరియం చేపల తెల్లమచ్చలకు కారణం క్రిప్టోకేరియన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. పేరు ఒకటే అయినా రెండింటికీ సంబంధం లేదు, చెరువు మందులు దీనికి పనికిరావు. ఈ పరాన్నజీవి చేప నుంచి రాలి, రాళ్లకూ ఇసుకకూ అంటుకుని గుల్ల కట్టుకుంటుంది. కొంతకాలానికి ఆ గుల్లలోంచి పిల్లలు బయటికి వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే ఆ పిల్లలు చచ్చిపోతాయి. గుల్లలోంచి 72 రోజుల తర్వాత కూడా పిల్లలు వచ్చిన దాఖలా ఉంది. అందుకే అక్వేరియంవాళ్లు ట్యాంకును 76 రోజులు ఖాళీగా ఉంచే పద్ధతి పెట్టుకున్నారు.

దీన్ని ఏ కిట్టూ పట్టుకోలేదు. రోజులు పూర్తి కాకపోతే నీరు ఎంత బాగున్నా చేపల్ని వదలకండి. రాళ్ల మధ్య ఒక్క చిన్న గోబీ చేప మిగిలి ఉన్నా ఖాళీగా ఉంచినట్టు కాదు. జబ్బు చేపల ట్యాంకులో ముంచిన వలనో, తడి చేతినో ఇందులో పెడితే లెక్క మళ్లీ ఒకటి నుంచే.

మందుగా రాగి (కాపర్) వాడారా, వాడితే ఎక్కడ వాడారు అన్నది కూడా గుర్తు చేసుకోండి. వేరే ట్యాంకులో వాడి ఉంటే ఇబ్బంది లేదు, అక్కడి రాళ్లను మాత్రం ఇక్కడికి తేవద్దు. అసలు ట్యాంకులోనే పోసి ఉంటే రాళ్లూ ఇసుకా రాగిని పట్టుకుని తర్వాత మెల్లగా వదులుతుంటాయి. చేపలు తట్టుకున్నా నత్తలు, రొయ్యలు, పగడాలు తట్టుకోలేవు. రాగి కిట్టుతో వారం తేడాలో రెండుసార్లు చూడండి. రెండోసారి కూడా సున్నా వస్తేనే ముందుకు వెళ్లండి.

2. కొలిచే సాధనాలను ముందు కొలవండి

మన వేసవిలో కిట్ల రసాయనాలు త్వరగా పాడవుతాయి. కిటికీ పక్కన షెల్ఫులో మే నెలంతా గడిపిన సీసా గడువు తేదీ దాటకపోయినా అనుమానించాల్సిందే. కిట్టు బతికుందో లేదో తెలుసుకోవడం తేలిక. డిస్టిల్డ్ వాటర్‌తో చూస్తే సున్నా రావాలి, అమ్మోనియా కొంచెం కలిపిన నీటితో చూస్తే రంగు మారాలి. రెండో పరీక్షే ముఖ్యం. చచ్చిన కిట్టు ఎప్పుడూ సున్నానే చూపిస్తుంది.

అమ్మోనియాకు శాలిసిలేట్ పద్ధతి కిట్టు కొనండి. అందులో నీరు పసుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. నెస్లర్ పద్ధతి ఉప్పునీటిలో మడ్డి కట్టి తప్పుడు లెక్కలు ఇస్తుంది. ఒకే కాగితపు స్ట్రిప్పుతో ఆరు పరీక్షలు చేసే రకం నాకు నచ్చదు. ఇక్కడ మనకు కావలసింది సున్నాకూ 0.25 పీపీఎంకూ (పది లక్షల పాళ్లలో పావు పాలు) మధ్య తేడా, అది స్ట్రిప్పులో కనిపించదు.

పరీక్ష గొట్టాన్ని ముందు ట్యాంకు నీటితోనే రెండుసార్లు కడగండి. నీరు గీత దగ్గర వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపు అడుగు గీతను తాకాలి. సీసాను నిలువుగా తలకిందులు చేసి చుక్కలు వేయండి, ఏటవాలుగా పట్టుకుంటే చుక్క పరిమాణం మారుతుంది. నైట్రేట్ కిట్టులోని రెండో సీసా అడుగున పొడి పేరుకుంటుంది. అర నిమిషం గట్టిగా కుదపకపోతే నైట్రేట్ ఎంత ఉన్నా తక్కువే చూపిస్తుంది. కిట్టు చెప్పినంతసేపు ఆగి, తెల్ల కార్డు ముందు పెట్టి, వరండాలో పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైటు కింద లేత పసుపు, లేత ఆకుపచ్చ ఒకేలా కనిపిస్తాయి.

ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ మన జిల్లాల్లో ఆక్వా మందుల షాపుల్లోనే దొరుకుతుంది. దాని సున్నాను డిస్టిల్డ్ వాటర్‌తో సరిచేసి ఊరుకుంటారు. అది చాలదు. మనం చదివేది 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) దగ్గర, కాబట్టి సరిచూడాల్సిందీ అక్కడే. 35 పీపీటీ ద్రావణం కొనవచ్చు, లేదా ఇంట్లో చేసుకోవచ్చు. పొడిగా ఉన్న ప్యాకెట్ ఉప్పు 36.5 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 963.5 గ్రాములు తూచి కలిపితే, రిఫ్రాక్టోమీటర్‌లో అది 35 పీపీటీ సముద్రపు నీరులాగే కనిపిస్తుంది. కల్లుప్పు వద్దు, దానిలో తేమ ఉంటుంది. చుక్క వేసి మూత మూశాక అద్దం కింద గాలి బుడగ లేకుండా చూసి, అర నిమిషం ఆగి, కంటికి పెట్టుకోండి. నీలం, తెలుపు కలిసే గీత స్పష్టంగా లేకపోతే అద్దం మీద పాత ఉప్పు ఆరిపోయి ఉందన్నమాట. తుడిచి మళ్లీ చూడండి.

3. నీరు ఎక్కడి నుంచి వచ్చింది?

నెల్లూరువాళ్లకు మైపాడు, కావలివాళ్లకు తుమ్మలపెంట, ఒంగోలువాళ్లకు కొత్తపట్నం దగ్గర. సముద్రం ఇంత దగ్గరుండగా ఉప్పు ప్యాకెట్లు ఎందుకు కొనాలని అడుగుతారు. తెచ్చుకోవచ్చు, కానీ ఒడ్డున అలల్లో ముంచిన నీరు కాదు. పెన్న సముద్రంలో కలిసే చోటుకు, రొయ్యల చెరువుల నీరు వదిలే కాలువలకు, ఓడరేవుకు దూరంగా, పడవ మీద లోపలికి వెళ్లే మత్స్యకారుల చేత తెప్పించుకోండి. ఈశాన్య రుతుపవనాల వానలు, వరదలు వచ్చిన అక్టోబరు–డిసెంబరు నెలల్లో తీరపు నీటి ఉప్పదనం బాగా పడిపోతుంది, బురద, చెత్త కూడా ఎక్కువ. ఆ రోజుల్లో నీరు తేవద్దు. ఎండాకాలంలో తెచ్చినా కొలవకుండా పోయవద్దు.

రొయ్యల హేచరీ నుంచి శుద్ధి చేసిన సముద్రపు నీరు దొరికితే మంచిదే. క్లోరిన్ వేశారా, ఇంకేం కలిపారు అని అడగండి. సముద్రపు నీటిలో బ్రోమైడ్ ఉంటుంది. బ్లీచింగ్ వేసినప్పుడు క్లోరిన్‌లో ఎక్కువ భాగం దానితో కలిసి బ్రోమిన్ రూపంలోకి మారుతుంది. అదీ మొప్పల్ని కాల్చేదే. కాబట్టి వాసన రాలేదని ధీమా పడవద్దు. హేచరీల్లో వాడే ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి చూడండి. కొంచెం పసుపు కనిపించినా సోడియం థయోసల్ఫేట్ వేసి, రాత్రంతా గాలి పట్టించి, మళ్లీ చూడాలి.

ఉప్పు ప్యాకెట్‌తో కలుపుకునేవారికి అసలు ప్రశ్న మంచినీరు. తీరం దగ్గరి బోరు నీరు పనికిరాదు. ఇంటి ఆర్‌ఓ యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం కొంత నీటిని మళ్లీ కలిపే ఏర్పాటు ఉంటుంది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే 60, 80 కనిపించేది అందుకే. ఆ కలిపే మార్గాన్ని కట్టించి, టీడీఎస్ 10 లోపు వచ్చే నీరు వాడండి. లీటరుకు సుమారు 35 గ్రాముల అక్వేరియం ఉప్పు పోసి, మోటారుతో ఒక రోజు తిప్పి, ఆ తర్వాత కొలవండి. ఇసకపల్లి కొటార్ల ఉప్పు కారుచౌక అని దానితో నీరు చేసుకోవద్దు. అది కూరకు సరిపోయే సోడియం క్లోరైడు. సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం చాలావరకు కొటారులోనే మిగిలిపోతాయి.

4. ఉప్పదనం, వేడి, ఊపిరి

ఉప్పదనం 33 నుంచి 35 పీపీటీ మధ్య ఉంటే చాలు. సాంద్రతలో చెబితే ఇంచుమించు 1.025–1.026. వరుసగా మూడు రోజులు ఒకే అంకె రావాలి. నీరు ఆవిరైనప్పుడు ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మట్టాన్ని ఆర్‌ఓ నీటితోనే నింపాలి, ఉప్పునీటితో కాదు. అద్దం అంచున తెల్లగా పేరుకున్న ఉప్పు పొక్కులను తడిగుడ్డతో తుడిచేయండి, లోపలికి రాల్చకండి.

వేడి 25–27 డిగ్రీలు. నెల్లూరు మే నెలలో ఇది సులువు కాదు. 35 పీపీటీ నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఇంచుమించు 6.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే పట్టుకుంటుంది. అదే వేడిలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. సముద్రపు గాలి తేమగా వీచే ఊళ్లలో అంత కూడా తగ్గవు. ఎండలు మండుతుంటే, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం లేకపోతే, చేపల్ని వదలడం జూలైకి వాయిదా వేయడమే తెలివి.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా ఇప్పుడే చూడాలి. మెయిన్ ఆపి, బ్యాటరీ గాలి పంపు తనంతట తాను మొదలవుతోందో లేదో, ఎన్ని గంటలు నడుస్తోందో పరీక్షించండి. చేపల్ని వదిలాక ఈ పరీక్ష చేయలేరు.

5. పీహెచ్, ఆల్కలినిటీ

పీహెచ్ 7.8 నుంచి 8.4 వరకు ఉండవచ్చు. ఉదయం లైట్లు వేయకముందు తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. రెండు పూటలా చూడండి. ఉదయం 7.7 కనిపించిందని పొడులు పోసేయకండి. ముందు ఒక గ్లాసు నీటిని ఆరుబయట పెట్టి గంటసేపు గాలి పంపు నడిపి మళ్లీ కొలవండి. పెరిగితే తప్పు నీటిది కాదు, తలుపులు బిగించి ఏసీ వేసిన గదిలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ది. కిటికీ కొంచెం తెరిస్తే సరి.

ఆల్కలినిటీ అంటే పీహెచ్ పడిపోకుండా నీరు ఆపగల శక్తి. డీకేహెచ్ అనే ప్రమాణంలో అది 7–11 ఉండాలి. చెరువుల నీటిని పరీక్షించే ఆక్వా ల్యాబు దీన్నే పీపీఎంలో ఇస్తుంది. ఆ అంకెను 17.9తో భాగించుకోండి. అంటే 125 నుంచి 200 పీపీఎం సరైన పరిధి.

6. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్

అమ్మోనియా సున్నా ఉండాలి, మినహాయింపు లేదు. పీహెచ్ ఒక పాయింటు పెరిగితే అమ్మోనియాలో విషపు వాటా ఇంచుమించు పది రెట్లవుతుంది. ఉప్పునీటి పీహెచ్ ఎక్కువ, మంచినీటి ట్యాంకులో చేప తట్టుకున్న మోతాదు ఇక్కడ చంపేది అందుకే. నైట్రైట్ ఉప్పునీటిలో అంత ప్రమాదకరం కాదు, నీటిలోని క్లోరైడ్ దాన్ని మొప్పల్లోకి పెద్దగా వెళ్లనివ్వదు. కానీ అది కనిపించిందంటే బ్యాక్టీరియా పని సగంలో ఆగిందని అర్థం. పైగా నైట్రైట్ ఉన్నప్పుడు నైట్రేట్ కిట్టు లేనిపోని పెద్ద అంకె చూపిస్తుంది. కాబట్టి నైట్రైట్ పోయాకే నైట్రేట్ చూడండి. చేపలు మాత్రమే ఉండే ట్యాంకుకు నైట్రేట్ 20–30 పీపీఎం ఉన్నా ఫరవాలేదు. పగడాలు ఉంటే 10 లోపుకు తేవాలి.

7. ట్యాంకు చేత పని చేయించండి

అసలు పరీక్ష ఇదే. ట్యాంకుకు కొలిచిన మోతాదులో అమ్మోనియా ఇచ్చి, ఎంతసేపట్లో మాయమవుతుందో చూస్తాం. ట్యాంకులో పగడాలు, నత్తలు, రొయ్యలు ఉంటే ఈ పద్ధతి వద్దు. వాటికి వేరే దారి కింద చెబుతాను.

ముందు నీటి పరిమాణం లెక్కించండి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో అంచుల దాకా 255 లీటర్లు పడతాయి. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే సుమారు 200. కావలసింది ల్యాబు రకం అమ్మోనియం క్లోరైడ్, కాలేజీలకు రసాయనాలు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. గిన్నెలకు కళాయి పోసేవారి నవాసారం కూడా అదే గాని, అందులో ఇంకేం కలిసి ఉంటుందో తెలియదు, వద్దు. పొడి 6.3 గ్రాములు తూచి లీటరు ఆర్‌ఓ నీటిలో కరిగించి, సీసాకు పెద్ద అక్షరాలతో చీటీ అంటించి, పిల్లలకు అందకుండా పెట్టండి. ఇందులో 100 మిల్లీలీటర్లు 200 లీటర్ల ట్యాంకులో పోస్తే అమ్మోనియా 1 పీపీఎం అవుతుంది.

సాయంత్రం పోసి, అన్ని మోటార్లూ రోజూలాగే నడవనిచ్చి, గంట తర్వాత కొలవండి. 1 దగ్గర రాకపోతే మీ నీటి లెక్కో కిట్టో తప్పు. మర్నాడు అదే సమయానికి మళ్లీ కొలవండి.

అమ్మోనియా సున్నా, నైట్రైట్ కూడా సున్నా అయితే ట్యాంకు ఒకటి రెండు చిన్న చేపలకు సిద్ధం. ఆ రాత్రే మరో మోతాదు పోసి, రెండోసారీ 24 గంటల్లో తేలితే నమ్మవచ్చు. ఎక్కువ చేపలు తిరిగి రావలసి ఉంటే మూడోసారి 2 పీపీఎంతో చూడండి.

అమ్మోనియా పోయి నైట్రైట్ మిగిలితే రెండో దశ బ్యాక్టీరియా ఇంకా అందుకోలేదు. అది మెల్లగా పెరుగుతుంది. కొత్త మోతాదు పోయకుండా నైట్రైట్ సున్నా అయ్యేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టండి. అమ్మోనియానే మిగిలితే వారం రోజులు తక్కువ మోతాదులతో నడిపి బ్యాక్టీరియాను మేపాలి. ఎక్కువ పోస్తే త్వరగా పెరుగుతుందని 4, 5 పీపీఎం పోసేవారున్నారు. అంత మోతాదు బ్యాక్టీరియానే తొక్కేయవచ్చు.

ఈ దశలో ఆక్వా షాపు మిత్రులు రెండు సలహాలు ఇస్తారు. ఒకటి ప్రోబయోటిక్ ప్యాకెట్. చెరువులకు అమ్మేవాటిలో ఎక్కువగా బాసిల్లస్ జాతులు, అడుగున పేరుకున్న మేతను, బురదను కుళ్లబెట్టడానికి. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే పని వాటిది కాదు. కొనేట్టయితే నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా అని రాసి ఉన్న సీసానే కొనండి. రెండోది జియోలైట్. మంచినీటిలో అది అమ్మోనియాను బాగానే పట్టుకుంటుంది. ఉప్పునీటిలో సోడియం దాని చోటును ఆక్రమించేస్తుంది, పెద్దగా మిగిలేది ఉండదు.

పగడాలు, నత్తలు ఉన్న ట్యాంకులో రసాయనానికి బదులు చేపల మేతే వాడండి. రేపు రాబోయే చేపలకు ఎంత వేస్తారో అందులో నాలుగో వంతుతో మొదలుపెట్టి, రెండు వారాల్లో పూర్తి మోతాదుకు రండి. రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఎక్కడ రంగు మారితే అక్కడే ఆగండి. మార్కెట్ రొయ్య ఒకటి వేసి కుళ్లనిచ్చే పాత పద్ధతి ఉంది గాని, దానికి కొలత లేదు, ఇల్లంతా కంపు.

పరీక్ష అయ్యాక మూడో వంతు నీరు మార్చండి. పోసిన అమ్మోనియా అంతా నైట్రేట్‌గా మారి కూర్చుంటుంది, ప్రతి 1 పీపీఎంకూ సుమారు 3.6 చొప్పున. ఆల్కలినిటీ కూడా కొంత ఖర్చయి ఉంటుంది, దాన్ని మళ్లీ కొలవండి.

8. ఆక్వా ల్యాబు సాయం

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల చెరువులున్న ప్రతిచోటా ఆక్వా ల్యాబులు ఉన్నాయి. దేశంలో చాలామంది అక్వేరియంవాళ్లకు లేని సదుపాయం ఇది. శుభ్రమైన సీసాను గాలి లేకుండా మెడ దాకా నింపి, ఐసు పక్కన పెట్టి, రెండు మూడు గంటల్లో ఇవ్వండి. ఉప్పదనం, పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియా, నైట్రైట్ అడగండి.

అంకెలే అడగాలి, తీర్పు అడగకూడదు. అక్కడివారు చూసేది వనామీ కళ్లతో. అమ్మోనియా 0.2 చూసి "ఏమీ కాదన్నా, చెరువులో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది" అంటారు. చెరువు వరకు ఆ మాట నిజమే కావచ్చు, మీ ట్యాంకుకు ఆ 0.2 అంటే ఇంకో వారం ఆగమని. వారి ఉప్పదనం అంకెను మీ రిఫ్రాక్టోమీటర్‌తో పోల్చుకోండి. ఒక పీపీటీకి మించి తేడా ఉంటే రెండో అడుగుకు వెనక్కి వెళ్లాలి.

9. వదిలే రోజు

చేపలు ఇంట్లోనే వేరే ట్యాంకులో ఉంటే, ముందు ఆ ట్యాంకు ఉప్పదనం కొలవండి. చికిత్స కోసం ఉప్పు తగ్గించి ఉంటే రోజుకు రెండు పీపీటీ చొప్పున పెంచుతూ అసలు ట్యాంకు స్థాయికి తీసుకురండి. ఉప్పు తగ్గడాన్ని చేప తట్టుకున్నంతగా పెరగడాన్ని తట్టుకోలేదు. చేపను మాత్రమే మార్చండి, ఆ ట్యాంకు నీరు చుక్క కూడా ఇందులో పడకూడదు.

కొత్త చేపను చెన్నై కొళత్తూరు నుంచి సంచిలో తెస్తుంటే సమస్య వేరు. గంటల తరబడి మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది, అందువల్ల అందులోని అమ్మోనియా అంతగా బాధించదు. మూతి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ పెరిగి, అదే అమ్మోనియా విషమవుతుంది. సంచి విప్పి రెండు గంటలు చుక్కచుక్కగా నీరు కలిపే అలవాటు ఇక్కడ హాని చేస్తుంది. సంచి నీటి ఉప్పదనం ఎంతో షాపులో ముందే అడిగి, కొత్త చేపను విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకును దానికి సరిపడా సిద్ధం చేయండి. మూసిన సంచిని ఇరవై నిమిషాలు ఆ ట్యాంకులో తేలనిచ్చి, వేడి సమం కాగానే విప్పి చేపను వెంటనే మార్చండి. నేరుగా అసలు ట్యాంకులో మాత్రం వేయకండి, 76 రోజులు కాచుకున్నదంతా ఒక్క పూటలో పోతుంది.

నెమ్మదస్తురాలైన చేప ముందు, పోకిరి చేప చివర. డామ్‌సెల్ లాంటి పోకిరి చేపను మొదట వదిలితే ట్యాంకంతా తనదేనంటుంది. మొదటి రోజు మేత వేయవద్దు, లైట్లు తగ్గించండి. తర్వాత రెండు వారాలు ప్రతి ఉదయం అమ్మోనియా చూడండి, మొదటి వారం మేత సగమే వేయండి. ట్యాంకులో నాలుగో వంతుకు సరిపడా ఉప్పునీరు కలిపి, అదే ఉప్పదనం, అదే వేడిలో డ్రమ్ములో సిద్ధంగా ఉంచండి. ఏ ఉదయమైనా 0.25 రంగు కనిపిస్తే ఆ రోజు మేత మానేసి, ఆ నీటితో మార్చి, మర్నాడు మళ్లీ చూడండి. వరుసగా రెండు వారాలు రంగు మారకపోతే రెండో చేపను వదలవచ్చు.